బొట్టు వెనకవైపు పెట్టండి

మన ట్యాబ్‌తో పాటు ఇచ్చే చిన్న పుస్తకంలో నాలుగో పేజీ తీయండి. రోజూ ఛార్జింగ్ పెట్టాలి, నీళ్ల దగ్గర ఉంచొద్దు, పొడిబట్టతో తుడవాలి అన్న మూడు సూచనల కింద నాలుగోది ఒకటి ఉంటుంది: ‘బొట్టు పెట్టదలిస్తే వెనకవైపు పెట్టండి.’ పనిలో కొత్తగా చేరే ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అక్కడ ఆగి నవ్వుతారు. ఇదెవరు రాశారు సార్ అని అడుగుతారు.

నేనే రాశాను. ముప్పై ఏళ్లు దినపత్రికలో పనిచేశాను. ఆ ముప్పై ఏళ్లలో రాసిన వార్తల్లో ఒక్కటీ ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, నాతో సహా. ఈ నాలుగు మాటలు మాత్రం పటాన్‌చెరు నుంచి నారాయణఖేడ్ దాకా ఊరూరా తిరుగుతున్నాయి. వాటి వెనక నేను చేసిన ఒక తప్పు ఉంది. మీరు ట్యాబ్ సంచి భుజాన వేసుకొని ఊళ్లకు బయల్దేరేముందు ఆ తప్పు సంగతి చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. నవ్వుకుంటూ వినండి. నేనూ నవ్వుకుంటూనే చెబుతున్నాను.

పత్రిక నుంచి రిటైరయ్యాక నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాను. ఐదో నెలలో మా ఆవిడ, కూర తాలింపుకు కూడా నేను హెడ్డింగు పెడుతున్నానని విసుక్కుంది. అప్పుడే తెలిసినవాళ్ల ద్వారా ఈ సంస్థ గురించి విన్నాను. ఆటిజం ఉన్న చిన్నపిల్లల కోసం పనిచేస్తారు, ఊళ్లలో పిల్లల గురించి వారం వారం రిపోర్టు రాసే మనిషి కావాలన్నారు. చేరిపోయాను. పటాన్‌చెరులో ఒక మెడికల్ షాపు పైన రెండు గదుల ఆఫీసు. పిల్లల డాక్టరు ఒకావిడ హైదరాబాద్ నుంచి వారానికి రెండు రోజులు వచ్చేవారు. అందరం ఆవిడను మేడం అనేవాళ్లం. ఇళ్లకు తిరిగే పని ఒక పాతికేళ్ల అమ్మాయిది. సదాశివపేట పిల్ల, స్కూటీ మీద తిరిగేది, నోరు స్కూటీ కంటే వేగం. ఆఫీసులో అందరికీ ఆమె ‘మా అమ్మాయి’.

పని ఎలా ఉండేదో మీకు తెలుసు కానీ, తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. ట్యాబ్ పిల్లకు కాదు, ముందు తల్లికి. పాపతో ఎలా ఆడాలో అందులో చిన్న చిన్న వీడియోలుంటాయి. పాప ఏం చేస్తే నువ్వూ అదే చెయ్యి. ఒకసారి చేసి ఆగు. ఎదురుచూడు. తొందరపడకు. రోజూ ఇరవై నిమిషాలు తల్లి అలా ఆడుతుంటే, గోడకు ఆనించిన ట్యాబ్ తన కెమెరాతో రికార్డు చేసుకుంటుంది. వారానికోసారి ఆ రికార్డింగులు ఆఫీసుకు చేరతాయి. మేడం చూసి ఇలా మార్చండి, అలా చేయండి అని చెబుతారు. హైదరాబాద్‌కు వారం వారం బిడ్డను ఎత్తుకొని వెళ్లలేని తల్లులకు ఇదే పెద్ద డాక్టరు, ఇదే పెద్దాసుపత్రి. ట్యాబ్‌లు తక్కువ, పిల్లలు ఎక్కువ. అందుకే ఒక నియమం ఉండేది. వరుసగా ఆరు వారాలు రికార్డింగుల్లో ఆట కనిపించకపోతే ఆ ట్యాబ్ వెనక్కి తెచ్చి, వరుసలో తర్వాత ఉన్న పిల్లకు ఇవ్వాలి. రికార్డింగులు ముందు నేను చూసి, ఆట ఉన్నవే మేడంకు ఇచ్చేవాణ్ని. ఆట కనిపించిందో లేదో రాసే కలం నా చేతిలో ఉండేది.

పాశమైలారం ఫ్యాక్టరీలను ఆనుకొని ఉన్న ఒక ఊళ్లో ఒక పాప ఉండేది. నాలుగేళ్లకు మూడు నెలలు తక్కువ. పిలిస్తే తిరిగేది కాదు, మాట లేదు, కళ్లలోకి చూసేది కాదు. తండ్రి కెమికల్ ఫ్యాక్టరీలో షిఫ్టు పనిచేసేవాడు. ఆయన తెచ్చిన పాత రబ్బరు వాషర్లు, గాజులంత ఉంటాయి, వాటిని పొద్దంతా గోడ పక్కన వరుసగా పేర్చుకునేది. ఎవరైనా ఒకటి జరిపితే గొంతు పోయేదాకా ఏడ్చేది. తల్లి మందుల కంపెనీలో ప్యాకింగు పని మానేసి పాప దగ్గరే ఉంది. ఇంట్లో నాయనమ్మ కూడా ఉంది. ఒకప్పుడు నాట్లలో ముప్పై మంది ఆడవాళ్లను వెంట నడిపిన మనిషి. ఆమె ముందు ఎవరమైనా కూలికొచ్చినవాళ్లలాగే నిలబడతాం.

ట్యాబ్ ఇచ్చిన రోజున మా అమ్మాయితో నేనూ వెళ్లాను. కెమెరా సంగతి వివరించే పని నేనే తీసుకున్నాను. అర్థమయ్యేలా చెప్పడం ముప్పై ఏళ్లుగా నా వృత్తి కదా. గుమ్మంలో కుర్చీలో కూర్చొని, అంత దూరం నుంచే ట్యాబ్ వైపు చెయ్యి చూపించి, “అవ్వా, దీనికి కన్ను ఉంది. అది చూస్తది. దానికి ఎదురుంగ కూసొని ఆడాలె” అన్నాను.

“కన్ను ఒక్కటేనా సారూ?” అంది నాయనమ్మ.

“ఒక్కటే.”

“పాపం” అంది.

ఇంత తేలిగ్గా చెప్పానే అని నన్ను నేనే మెచ్చుకున్నాను. లేచి, దగ్గరికెళ్లి, వేలుతో ముట్టి, ఇదిగో ఈ ఆవగింజంత గుండ్రం కెమెరా అని చూపించలేదు. నా మొదటి తప్పు అది. గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

మొదటి నెల బాగా నడిచింది. అంటే పాపలో మార్పేమీ లేదు, తల్లి మాత్రం చక్కగా కూర్చొని ఆడించేది. తర్వాత బతుకమ్మ వచ్చింది, దసరా వచ్చింది. దసరా మర్నాడే మా అమ్మాయి ఇస్నాపూర్ మలుపు దగ్గర స్కూటీ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. పట్టీ వేసుకొని ఇంట్లో కూర్చుంది. ఆమె వెళ్లే ఇళ్లన్నీ ఫోన్లో కనుక్కునే పని నాకు వచ్చింది.

పాప వాళ్లింట్లో ఫోన్ తండ్రి దగ్గరే ఉండేది. ఎప్పుడు చేసినా వెనక మిషన్ల రొద. “నడుస్తుంది సార్, మంచిగ నడుస్తుంది” అనేవాడు. ప్రతి వారం అదే మాట. ‘అంతా బాగానే ఉంది’ అనే మాటను నమ్మకూడదని నాకు వృత్తి నేర్పింది. ఏ ఆఫీసులో ఏ అధికారి ఆ మాట అన్నా, వెనక్కి వెళ్లి ఫైలు అడిగేవాణ్ని. ఇక్కడ ఫైలంటే రికార్డింగు. తెరిచాను. తెరంతా ముదురు ఎరుపు, అంచుల్లో నలుపు. మనిషి లేదు, గోడ లేదు. రెండో వారమూ అంతే. మూడో వారమూ అంతే. దేంట్లోనో చుట్టి పెట్టెలో పడేశారని తేల్చుకున్నాను. నా కంప్యూటర్‌కు స్పీకర్లు లేవు. వినాలన్న ఆలోచన రాలేదు. ఎరుపు రంగును చివరిదాకా చూసేదేముంది అనుకొని, జరిపేసి, మూసేసేవాణ్ని.

ఆరో వారం మూడు వాక్యాలు రాశాను. ‘ఆరు వారాలుగా ఆట జరగలేదు. కుటుంబం ఆసక్తి చూపడం లేదు. ట్యాబ్‌ను వెనక్కి తీసుకోవచ్చు.’ చదువుకొని ముచ్చటపడ్డాను. డెస్కులో ఉండగా కూడా ఇంత పొందికగా రాసిన రోజులు తక్కువ.

మా జిల్లా ఎడిషన్‌లో ఒక ఇన్‌చార్జి ఉండేవారు. ఎంత పెద్ద వార్త తెచ్చినా ఒకే ఒక్క ప్రశ్న వేసేవారు: “వెళ్లావా?” వెళ్లలేదంటే కాగితం చూసేవారు కాదు. నేనూ తర్వాత కుర్రాళ్లను అదే ప్రశ్నతో వేధించాను. ఆ రిపోర్టు మీద సంతకం చేసిన రోజున నన్ను అడిగే మనిషి పక్కన లేడు.

మేడం చదివి సరేనన్నారు. వరుసలో తర్వాతి పాప కంది దగ్గరి ఊళ్లో ఉంది, వాళ్లమ్మ అప్పటికే రెండుసార్లు ఆఫీసుకు వచ్చి కూర్చొని వెళ్లింది. శుక్రవారం మూడు గంటలకు సమావేశం. ఆలోపు ట్యాబ్ తెచ్చి బల్ల మీద పెడితే, ఆ సాయంత్రమే కందికి పంపిస్తామన్నారు. శుక్రవారం పొద్దున నేను బయల్దేరుతుంటే మా అమ్మాయి కర్ర పట్టుకొని దిగింది. పట్టీ విప్పి నాలుగు రోజులైంది.

“నేను లేనప్పుడు మా ఇల్లు ఎట్ల గుంజుకొస్తరు సార్? నేను గూడ వస్త” అంది. ఏ ఇంటికి వెళ్తే అది ఆమెకు మా ఇల్లే.

నా స్కూటర్ మీద ఇద్దరం, మధ్యలో ఆమె కర్ర. ముత్తంగి జంక్షన్‌లో కంటైనర్ల మధ్య ఇరుక్కొని, ఇస్నాపూర్‌లో తిరిగి, ఫ్యాక్టరీ గోడల పక్క నుంచి ఊరు చేరేసరికి పన్నెండున్నర. దారంతా నేను మాటలు కూర్చుకుంటున్నాను. ఇల్లు ముభావంగా ఉంటుంది, తలుపు సగమే తెరుస్తారు, నేను మర్యాదగా, నొప్పించకుండా చెప్పాలి.

తలుపు బార్లా తెరిచి ఉంది. నాయనమ్మ చేటలో కందులు ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు. “ఇప్పుడు దొరికిందా సారూ తొవ్వ?” అంది. తర్వాత మా అమ్మాయి కాలు చూసి చేట పక్కకు నెట్టి, ఎట్ల పడ్డవు, ఎవడు కొట్టిండు, ఏ నూనె రాస్తున్నవు అని ఊపిరాడకుండా అడిగింది. నేను గొంతు సవరించుకొని ట్యాబ్ ఒకసారి చూడాలన్నాను.

నాయనమ్మ లోపలికెళ్లి, దేవుడి పటాల గూట్లోంచి, పసిపిల్లను తెచ్చినట్టు రెండు చేతుల మీద తెచ్చింది. నాలుగు మూలలా పసుపు. చుట్టూ నల్లదారం. అద్దం మిలమిలా మెరుస్తోంది, మా ఆఫీసులో ఏ ట్యాబూ అంత శుభ్రంగా ఉండదు. పైన సరిగ్గా మధ్యలో, రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. నూనెలో కలిపి పెట్టింది. నిండుగా, గుండ్రంగా, ఏ ముత్తయిదువకూ తీసిపోకుండా.

కెమెరా దాని కింద ఉంది.

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను బొట్టు వైపు చూశాను. ఆమెకు నవ్వు మొదలైంది. ఆపుకోబోయి కర్ర వదిలేసి గోడ పట్టుకుంది.

“ఎందుకట్ల నవ్వుతవ్?” అంది నాయనమ్మ. “దసరాకు కొడవలికి పెట్టిన, బండికి పెట్టిన, మిషన్లకు కంపెనోళ్లు పెట్టుకున్నరు. దీనికి వద్దా? ఊరంత వచ్చి చూసిపోతరు. ఒంటికన్నుది. దిష్టి తగలదా?”

“మరి కన్ను మీదనే పెట్టినవ్ గదా అవ్వా” అంది మా అమ్మాయి.

“నాకు తెల్వదా? కన్ను అద్దం. గంత పెద్దగ మెరుస్తుంటది. దినాం తుడుస్త. అద్దం మీది గీ నల్లపట్టి నొసలు. నొసట పెట్టిన. ప్రతి శుక్రారం కొత్తది పెడ్త.”

ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. దూరం నుంచి చెయ్యి ఊపి కన్ను అన్నది నేను. మెరిసేదాన్ని కన్ను అనుకోవడం ఆమె పాపం కాదు. నా చొక్కా జేబులో మడతపెట్టిన మూడు వాక్యాల కాపీ ఒక్కసారిగా బరువెక్కింది. అయినా ఆట జరిగిందో లేదో ఇంకా తేలలేదు కదా అని, ఆ సమయంలో కూడా నా రిపోర్టును కాపాడుకోవడానికే చూశానని ఒప్పుకుంటాను.

మా అమ్మాయి అరుగు మీద కూర్చొని ట్యాబ్‌లో పాత రికార్డింగు తెరిచింది. అదే ఎరుపు. కానీ ట్యాబ్‌కు నోరుంది. శబ్దం వచ్చింది.

చప్పట్లు. గట్టి చేతుల చప్పట్లు, బతుకమ్మ ఆడేటప్పుడు తాళం కోసం కొట్టే చప్పట్లు. ఒకటి, ఆగడం. ఒకటి, ఆగడం. మధ్యలో నాయనమ్మ గొంతు ఏవో తన మాటలు అల్లుకుంటోంది, కందిచేను గురించో, కోడి గురించో. “గది నేనే” అంది నాయనమ్మ, రేడియోలో తన గొంతు విన్నట్టు సంబరంగా. పండుగ అయిపోయినా పాప చేతులనే చూస్తుండేదట. అందుకని కోడలు వీడియోలో నేర్చుకున్న ‘చేసి ఆగు’ను నాయనమ్మ తనకొచ్చిన చప్పట్లకు కలిపిందట. ఎవరూ చెప్పలేదు.

మొదటి వారమంతా పెద్ద చప్పట, తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో దూరంగా లారీ హారన్, గిన్నె చప్పుడు, కోడి. రెండో వారమూ అంతే. చూడటానికేమీ లేకపోతే చెవులు ఎంత పనిచేస్తాయో అప్పుడు తెలిసింది. ముగ్గురం తలలు ఆనించి, క్రికెట్ కామెంటరీ వింటున్నట్టు వింటున్నాం. మూడో వారంలో, పెద్ద చప్పట తర్వాత, ఖాళీ తర్వాత, మెత్తగా ఒక చప్పుడు వినిపించింది.

మా అమ్మాయి ఆపింది. వెనక్కి జరిపి మళ్లీ వినిపించింది. “సార్, ఇది ఎవరిది?”

వంటింట్లోంచి తల్లి వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతులకు జొన్నపిండి. “పాపదే అక్కా” అంది. “మూడో వారం బేస్తారం నాడు. మేడంకు చెప్పిన గదా.”

ఎప్పుడు చెప్పావమ్మా అని అడిగేలోపే ట్యాబ్ చెప్పింది. ఎర్రటి తెర వెనక నుంచి ఆమె గొంతే, దగ్గరగా, కాస్త సిగ్గుపడుతూ: “మేడం, ఇయ్యాల ఒక్కసారి కొట్టింది. మీరు చూసే ఉంటరు.”

నాలుగో వారం చివర్న: “ఏడుసార్లు కొట్టింది మేడం. లెక్కపెట్టిన. ఇగ చూసిన్రు గదా.”

ఐదో వారంలో చిన్న చప్పట్లు పెద్దవాటి వెంటపడి పరుగెత్తుతున్నాయి. ఒక చోట చిన్నదే ముందు మోగింది, పెద్దది దాన్ని అందుకుంది. అక్కడ నాయనమ్మ నవ్వు, కోడలి నవ్వు, ఇంకో నవ్వు. ఆ మూడో నవ్వు అంతకుముందు మేమెవరమూ వినలేదు. నీళ్ల సీసాను వంచితే బుడబుడమన్నట్టు ఉంది. మా అమ్మాయి దాన్ని నాలుగుసార్లు వినిపించింది. నాలుగుసార్లూ అందరం నవ్వాం, నాయనమ్మ తన నవ్వుకు తానే నవ్వింది. ఆ నవ్వు మధ్యలో తల్లి మాత్రం నన్నే చూస్తోంది.

“మీరు చూడలేదా సార్?” అంది.

“లేదమ్మా.”

జేబులోంచి కాగితం తీశాను. దాచిపెట్టి తిరిగి వెళ్లిపోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ అంతమంది నవ్వుతున్న అరుగు మీద అది జేబులో ఉండేలా లేదు. మీరు ఆడిస్తలేరని రాసిన, ట్యాబ్ తీసుకుపోవాలని వచ్చిన అని చెప్పాను. మూడు గంటలకు సమావేశం సంగతీ, కంది పాప సంగతీ చెప్పాను.

నాయనమ్మ కందుల చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. ఒక రాయి ఏరి పారేసింది.

“చూసి రాసినవా సారూ?” అంది.

నా పాత ఇన్‌చార్జి గొంతు కంటే ఈ గొంతు మెత్తగా ఉంది. దెబ్బ మాత్రం అదే చోట తగిలింది.

అప్పటికి ఒంటిగంట దాటింది. మా అమ్మాయి లెక్క సూటిగా ఉంది. వెనకటి రికార్డింగుల శబ్దం మేడంకు వినిపిద్దాం, దాంతో పాటు ఈ రోజుది ఒక్కటి, కంటికి కనిపించేది తీసుకెళ్దాం, చప్పట్లు ఎవరివో అనుమానమే ఉండదు. సంచిలోంచి దూది తీసి బొట్టు మీదికి వంగింది. నాయనమ్మ చేట వదిలేసి ట్యాబ్ లాక్కుంది.

“శుక్రారం పూట మొఖం మీది బొట్టు తుడుస్తవా బిడ్డా? నీకు ఎవరన్న చెప్పిండ్రా లేదా?”

మా అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎంత చదువుకున్నా ఆమె ఆ మాట దాటలేదు, నేనూ దాటలేదు. ఏ ఇంట్లో ఏ ఆడమనిషి దాటుతుంది? తల్లి పిండిచేతులతో అలాగే నిలబడింది. నలుగురు పెద్దవాళ్లం, ఒక బొట్టు, దాని వెనక ఒక కెమెరా, మూడు గంటలకు సమావేశం. ఎలక్షన్ల వేళ రెండు పార్టీల మధ్య రాజీ వార్తలు చాలా రాశాను. ఇంత గట్టి ప్రతిష్టంభన చూడలేదు.

అప్పుడు ముత్తంగిలో పొద్దున అరగంటసేపు నా ముక్కుకు ఎదురుగా ఆగిన లారీ గుర్తొచ్చింది. “అవ్వా, లారీలకు రాక్షసి బొమ్మ ముందర వేస్తరా, వెనక వేస్తరా?”

ఆమె ఆలోచించింది. “వెనక.”

“ఎందుకు? దిష్టి వెనక నుంచే తగులుతది. దీనికి వెనక ఏమీ లేదు చూడు. ఉత్తగ ఉన్నది.”

నాయనమ్మ ట్యాబ్ తిప్పి చూసింది. నల్లటి, బోసి వీపు. ఆమె ముఖం మారింది, ఆరు వారాలు ఇంత పొరపాటు ఎట్ల చేసిన అన్నట్టు. “ఔను గదనే” అని కోడలితో అంది. కుంకుమ భరిణె వచ్చింది. ట్యాబ్ వీపున పసుపు రాసి పెద్ద బొట్టు పెట్టింది. చేతిలో కుంకుమ ఉండగా ఊరుకుంటుందా, కోడలికి పెట్టింది, మా అమ్మాయికి పెట్టింది. ముందువైపుది మాత్రం మేం తుడవొద్దంది. “దానంతటదే రాలిపోవాలె.” వెనకవైపు ఎలాగూ బొట్టు వచ్చింది కదా అని మా అమ్మాయి ట్యాబ్‌ను గోడకు ఆనించి, ఉన్నదున్నట్టే రికార్డింగు నొక్కింది. శబ్దమైనా వస్తుందని.

అంతసేపూ పాప గది మూలన వాషర్లతోనే ఉంది. మేమెవరమూ లేనట్టే ఉంది. భరిణె మూత చప్పుడుకో, ఎర్రరంగుకో లేచి వచ్చింది. మా మధ్య నుంచి నడిచి ట్యాబ్ ముందు ఆగింది. చూపుడువేలు చాచి, దాని బొట్టు మీద పెట్టి నొక్కింది. వేలు తీసి చూసుకుంది. ఎర్రగా ఉంది.

తల్లి పిండిచేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరమూ కదల్లేదు. చేసి ఆగు, ఎదురుచూడు, తొందరపడకు. ఆ సూచనలున్న వంద పేజీల్లో నేనే అచ్చుతప్పులు దిద్దాను. వాటిని పాటించడం అదే మొదటిసారి.

పాప తల తిప్పి, బొట్టు లేని నొసలు ఎవరిదా అని వెతికినట్టు మమ్మల్ని చూసింది. అలా వెతికిందో లేదో చెప్పడం నా పని కాదు, మేడం పని. నేను చూసింది చెబుతున్నాను: నా దగ్గరకు వచ్చింది. నేను నేల మీద కూర్చొని ఉన్నాను. ఆ వేలును నా నుదుటి మీద పెట్టి, ముక్కు దాకా గీసింది. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, ఒక్క చప్పట కొట్టి, నా చేతుల వైపు చూస్తూ ఆగింది.

నేను ఆ చేతుల్లో కాగితం పట్టుకొని, నోరు తెరుచుకొని కూర్చున్నాను.

“సారూ” అంది నాయనమ్మ, మెల్లగా. “నీ వంతు.”

కాగితం కింద పడేసి కొట్టాను. పాప కొట్టింది. నేను కొట్టాను. ఎన్నిసార్లో నాకు తెలియదు, తల్లి లెక్కపెట్టిందట, పదకొండు.

తిరుగుదారిలో స్కూటర్ నడుపుతూ పాట పాడానని మా అమ్మాయి ఇప్పటికీ అందరికీ చెబుతుంది. నేను ఒప్పుకోను. ముత్తంగిలో పక్కన ఆగిన ట్రాలీ డ్రైవరు నా మొఖం చూసి, “ఏంది పెద్దాయనా, ఎవరి పెండ్లి?” అని అడిగిన మాట మాత్రం నిజం. మూడూ పదికి మెట్లెక్కాం. ఆ అమ్మాయి కుంటుకుంటూ నాకంటే ముందు ఎక్కింది. మేడం చేతిలో నా మూడు వాక్యాలున్నాయి. తలెత్తి నా నుదురు చూశారు. నుదుటి నుంచి ముక్కు దాకా ఎరుపు.

“ఇదేంటండీ?” అన్నారు.

“సవరణ, మేడం” అన్నాను.

పత్రికల్లో సవరణ ఎక్కడ వేస్తారో మీకు తెలుసు. లోపలి పేజీలో, కింది మూలన, చీమ తలంత అక్షరాల్లో. ఆ రోజు నాది నా మొఖం మీదే అచ్చయింది. మా అమ్మాయి ట్యాబ్ బల్ల మీద పెట్టి రికార్డింగు తెరిచింది. ఎర్రటి తెర. అవతల మాటలు. ఉన్నట్టుండి ఒక పెద్ద వేలు తెరంతా కమ్మేసింది. వేలు తొలగితే, ఎరుపు మధ్యలో చిన్న కిటికీ. ఆ కిటికీలోంచి, అంచులు మసకగా, నేల మీద కూర్చున్న ఒక ముసలివాడు, ఆయన వైపు నడుస్తున్న ఒక పాప. ముప్పై ఏళ్లలో విలేకరి ఫొటోలో కనిపించకూడదని ఎంతమందికి చెప్పానో. ఆరు వారాల తర్వాత వచ్చిన మొదటి బొమ్మలో నేనే ఉన్నాను, నోరు తెరుచుకొని.

మేడం పాత శబ్దాలు కూడా చివరిదాకా విన్నారు. ‘మీరు చూసే ఉంటరు’ దగ్గర కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నన్ను తిట్టివుంటే బాగుండేది. ట్యాబ్ ఆ ఇంట్లోనే ఉంటుందన్నారు. మరి కంది పాపకు అని మా అమ్మాయి అడిగింది. నా బల్ల మీద రిపోర్టులు రాసుకోవడానికి ఇచ్చిన ట్యాబ్ ఉంది. దాన్ని తుడిచి, పుస్తకంతో సహా ముందుకు జరిపాను. ఆ సాయంత్రమే అది కందికి వెళ్లింది. నేను నోటుబుక్కుకూ బాల్‌పెన్నుకూ తిరిగొచ్చాను. వాటితో ఒక సుఖం ఉంది, ఇంట్లో కూర్చొని రాయలేం. వెళ్లాల్సిందే.

సూచనల పుస్తకంలో ‘కెమెరాపై ఎటువంటి పదార్థమూ పూయరాదు’ అని చేర్చాలని మేడం రాసిచ్చారు. నేను దాన్ని దిద్దాను. దిద్దింది మీ నాలుగో పేజీలో ఉంది.

పాపకు ఆటిజం పోలేదు. అది పోయేది కాదు. పేరు పెట్టి పిలిస్తే ఇప్పుడు తిరుగుతుంది, తిరగాలనిపించినప్పుడు. అంగన్‌వాడీకి వెళ్తుంది. ఆరేడు మాటలు వచ్చాయి, వాటిలో ఒకటి వాషర్. ఫోన్ నంబర్లు నొక్కడం మాత్రం బాగా వచ్చింది. తండ్రి ఇంట్లో ఉన్న రోజుల్లో ఆయన ఫోన్ నుంచి నాకు కాల్ వస్తుంది. హలో ఉండదు, ఊపిరి ఉంటుంది. తర్వాత ఒక్క చప్పట.

నేను ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, ఎక్కడున్నా, బజార్లో ఉన్నా, బస్సులో ఉన్నా, రెండు చేతులూ కలిపి కొడతాను. మొదట్లో మా ఆవిడ దోమలనుకొని కాయిల్ వెలిగించేది. ఇప్పుడు కూర కలుపుతూనే వంటింట్లోంచి అడుగుతుంది, ఎవరి వంతు నడుస్తోందని.